వదలండమ్మా

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం వెనక సందు గాలి. అది సోకితే చంటిదానికి ఏ జబ్బు చేస్తుందోనని, బిడ్డ పుట్టింది మొదలు వంటింటి కిటికీ తెరవలేదు. రెక్కల సందుల్లో గుడ్డపేలికలు కుక్కింది.

ఆ పొద్దున ఊపిరి బిగబట్టి అంట్లు తోముతుంటే, బయట బండ మీద గునపం ఖణేల్మంది.

"నీళ్లాపండమ్మా."

ఆమె చెయ్యి ఆగింది. వీధి వీధంతా అంతే. కాలువ శుభ్రం చేసే తాత బండలెత్తి మురుగులోకి వంగినంతసేపూ ఏ ఇల్లూ చుక్క నీళ్లు వదలదు. పనయ్యాక అతను "వదలండమ్మా" అంటే అన్ని ఇళ్ల నీళ్లూ ఒక్కసారిగా భళ్లున పారతాయి. ఏనాటిదో ఆ కట్టుబాటు. నగరం పెరిగి పెరిగి ఈ పేటను మింగింది గాని, ఈ కాలువను అరిగించుకోలేకపోయింది. "నగరం మొన్న పుట్టింది. మా కాలువ దానికి ముత్తాత" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోతుంది. ఆ ముత్తాతను ముట్టుకునేవాడు మాత్రం ఒక్కడే.

అతన్ని తలుచుకుంటేనే ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుంది. మోకాళ్లదాకా నల్లటి జిడ్డు. నాని నాని తెల్లగా పాచిపోయిన వేళ్లు. ఆ వేళ్లతోనే వెంట్రుకల ఉండలూ కుళ్లిన మెతుకులూ దేవి గట్టున పోస్తాడు. ఒకసారి గోడవతల నుంచి, "బుజ్జితల్లి నవ్వుతోందా అమ్మా?" అని అడిగాడు. చూపు తగిలినా మురికి అంటుతుందన్నట్టు ఆమె బిడ్డను కొంగున కప్పి లోపలికి వచ్చేసింది. అతను మళ్లీ తలెత్తలేదు. ఆమె ఇంటి వెనక తీసిన మురుగును మాత్రం అక్కడ పోయకుండా సందు చివరిదాకా మోసుకుపోయేవాడు.

ఈరోజు ఎంతకీ ఆ రెండో మాట, "వదలండమ్మా", రాలేదు. ఎంగిలి గిన్నెలు పేరుకున్నాయి. బకెట్లో పిల్ల మలగుడ్డలు నానుతున్నాయి, ఈగలు ముసిరాయి. ముసలాడు కునుకు తీస్తున్నాడని పక్కింటి పిన్నిగారు విసుక్కుంది. కాలువలో లంకెబిందెలు దొరికాయి కాబోలని అత్తగారు ఎత్తిపొడిచింది. అందరూ నవ్వారు.

"నువ్వు పోయి చూడవే."

"నేను పోను అత్తయ్యా. పిల్లకు పాలివ్వాలి, ఆ కంపు ఒంటికి పడుతుంది."

ఎవరి సాకు వాళ్లకుంది. వీధంతా మాట మీద నిలబడి చుక్క వదలలేదు, అడుగూ కదపలేదు.

పొద్దు వాలేసరికి వంటింట్లో నిలవలేక, ఆమె పేలికలు పీకి కిటికీ తెరిచింది. కంపు బయటకన్నా లోపలే ఎక్కువగా ఉంది. తెరిచిన బండ పక్కన, నింపిన మురుగు తట్టకు చెంప ఆనించి, పసిపిల్లాడిలా ఒరిగి ఉన్నాడు తాత. కనురెప్పల మీద చీమలు. వచ్చి చూసినవాళ్లు గుండె ఆగిందన్నారు. ఎప్పుడాగిందని ఆమె అడగలేదు.

అతన్ని తీసుకుపోయాక కూడా ఎవరూ నీళ్లు వదలలేదు. ఆ మాట ఎవరనాలో ఎవరికీ తెలియలేదు. శుభ్రంగా ఉన్న తన చేతులు చూసుకుంటే ఆమెకు వాంతి వచ్చింది.

గునపం ఇంకా ఆ ఇంటి వెనక గోడకే ఆనించి ఉంది, పిడికిలి పట్టే చోట మాత్రం తుప్పు లేకుండా. మీ ఇంటి వెనకా ఒకరు వంగి ఉంటారు. రెండో మాట వినపడకపోతే, ముక్కు మూసుకునైనా సరే, ఒక్కసారి వెళ్లి చూడండి.