గోలీలది కాని కోపం

మగడు విసిరిన చాయ్ గ్లాసు గోడకు తగిలి పగిలింది. చీపురు పట్టింది మాత్రం జమునే. గాజు పెంకులు ఏరుతుంటే వెనక నుంచి అత్త కొమురవ్వ, "జర ఓర్సుకో బిడ్డా. గిది వాడు చేసుడు కాదు, గా గోలీలు చేపిస్తున్నయి" అంది.

బీడీ మాన్పించే గోలీలవి. సిరిసిల్లలో మరమగ్గాల దుమ్ము మింగుతూ, దాని మీద రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చిన లక్ష్మీరాజం ఊపిరితిత్తులు చూసి కరీంనగర్ డాక్టరమ్మ రాసిచ్చింది. రాసింది మగనికి, చెప్పింది పక్కన నిలబడ్డ జమునకు. "పన్నెండు వారాలు. తిన్న తర్వాతే, గ్లాసు నిండా నీళ్లతో. కొందరికి వికారం ఉంటుంది, పాడు కలలొస్తాయి. ఎవరికో ఒకరికి మనసు కుంగిపోయి చావు మాటలు వస్తాయి. అది కనబడితే గోలీ ఆపి వెంటనే తీసుకురా." ఆ రోజు నుంచి పూటపూటా గోలీ అందించడం, మింగాడో లేదో చూడడం, మొహం కనిపెట్టడం జమున పనుల్లో చేరాయి. వంట, బట్టలు, రోజూ చుట్టే వెయ్యి బీడీలు ఎటూ ఉండనే ఉన్నాయి. ఇంటాయన బీడీ మానాలి, ఆమె మాత్రం ఒళ్లో చాట పెట్టుకుని ఊరందరికీ బీడీలు చుట్టాలి. నవ్వొచ్చేది గానీ, నవ్వేందుకు తీరిక ఉండేది కాదు.

ఐదు వారాలు గడిచాయి. బీడీ మానాడు, అబద్ధం ఎందుకు. కానీ ఇంట్లో ఏం జరిగినా గోలీల మీదికే పోయేది. ఉప్పు ఎక్కువైందని కంచం తోశాడు, గోలీలు. పక్కింటివాళ్ల ముందు "మీ అవ్వ నీకు గిదేనా నేర్పింది" అన్నాడు, గోలీలు. జమునకు లోపల భగ్గుమనేది. పెళ్లయిన మూడో నెలలోనే కంచం ఎగిరింది కదా, అప్పుడు ఏ గోలీ మింగాడు? పెద్దపిల్ల కడుపులో ఉండగా చెంప మీద పడిన దెబ్బను ఏ డాక్టరు రాసిచ్చాడు? అప్పుడూ అత్త ఏదో ఒకటి చెప్పింది. "అలిసొచ్చిండు." "మగ్గాల ఆసామి తిట్టిండట." "ఎండకు తల తిరిగింది." ప్రతి కోపానికీ ఒక కారణం దొరికేది, అతడు తప్ప. పందొమ్మిదేళ్ల తర్వాత ఇప్పుడు దానికి మందుల చీటీ కూడా దొరికింది.

సోమవారం అతడు కక్కుకుంటే అత్త ఉరికొచ్చి, "ఏం పెట్టినవే?" అని అడిగింది. ఏమీ పెట్టలేదు, సంగతంతా అదే. వేములవాడ రాజన్నకని సోమవారం అతడు ఒక్కపొద్దు ఉంటాడు. పొద్దుటి గోలీ మాత్రం ఉత్త కడుపు మీదే వేసుకుంటాడు. తినకుండా మింగొద్దని జమున అంటే, "దేవుని కాడ అడ్డం మాట్లాడకు" అని కసిరాడు. కక్కుకునేది సోమవారాలే, మంగళవారం బాగానే ఉంటాడు. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ పట్టలేదు.

బుధవారం పొద్దున ఆమె చాట ముందు కూర్చుని మంచి ఆకు, చెడ్డ ఆకు వేరు చేసి కత్తిరిస్తుంటే అతడు వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. "జమునా, నేను లేకున్నా మీరు మంచిగనే బతుకుతరు గదా?" అన్నాడు. కేక లేదు, కసురు లేదు. "నాలుగు దినాల సంది గదే అనిపిస్తుంది. ఎందుకో తెల్వది" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. అతడు కొట్టినప్పుడు కూడా ఆమె ఇంత భయపడలేదు. ఈ మనిషి మీద జాలి పడుతున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. అయినా లేచి గోలీల అట్ట కొంగున కట్టుకుని, "బట్టలు మార్చుకో, కరీంనగర్ పోదాం" అంది.

ఆ మాటలు విని వెంట బయల్దేరిన కొమురవ్వ బస్సులో జమున చెవి కొరికింది. "కోపం వస్తుందని చెప్పు, సాలు. గా చావు మాట ఎత్తకు. పిచ్చోడని రాస్తరు, ఇజ్జత్ పోతది."

డాక్టరమ్మ ముందు కూడా అత్తే మొదలుపెట్టింది. "గోలీలు మింగినకాంచి మస్తు కోపం మేడం. మునుపు ఆవు లెక్క ఉండె." డాక్టరమ్మ రాసుకుంటూ తలెత్తి జమున వైపు చూసింది.

"నువ్వు చెప్పమ్మా. గోలీలకు ముందు ఈ కోపం ఉండేదా, లేదా?"

పందొమ్మిదేళ్లలో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. లక్ష్మీరాజం తల దించుకున్నాడు. అత్త మోచేత్తో పొడిచింది. జమున చాట ముందు కూర్చున్నంత నింపాదిగా మొదలుపెట్టింది.

"వాంతులు ఒక్కపొద్దువి మేడం, ఉత్త కడుపు మీద మింగుతుండు. చచ్చిపోవాలె అనుడు మాత్రం గోలీలు వచ్చినంకనే, నాలుగు దినాల సంది. ఇయ్యాల పొద్దుగాల గోలీ ఇయ్యలే. గది రాసుకోండ్రి, ఆయన్ని జర మంచిగ చూడుండ్రి. కోపం అని రాసింది మాత్రం కొట్టేయుండ్రి. అది గోలీలది కాదు, ఆయనది. దాని సంగతి ఇగ నేను చూసుకుంట."