చిటికెడు మసి

తేజేశ్వర్ పొద్దున్నే స్నానం చేసి, దేవునికి దీపం పెట్టి, ఉగ్గాణి తిని, అంగడికి బయల్దేరే ముందు టార్చిలైటు వేసి కంప్యూటర్ బల్ల కింద వంగి చూసేవాడు. ఇంటికి రాగానే చెప్పులు విప్పి మళ్ళీ చూసేవాడు. నల్లబండల గచ్చు మీద మసి కనబడదని, బల్ల కింద మటుకు నాలుగు తెల్ల టైల్స్ వేయించుకున్నాడు.

కంప్యూటర్లో ఏది తుడిచినా దాని మసి కిందికి రాలుతుంది. కడపలో అప్పటికి సందుకొక నెట్ సెంటర్ ఉండేది. సెంటర్ల వాళ్ళు పొద్దున్నే ఆ మసిని చీపురుతో ఎత్తి, కాగితంలో కట్టి, చేతికి తగలకుండా పారేసేవాళ్ళు. తగిలితే, నాలుగు ఊపిర్లు తీసేలోపల తుడిచిన సంగతి తగిలినవాళ్ళ మనసులోంచి కూడా పోతుంది. పక్క వీధి సెంటర్ గోపన్న ఒకరోజు తన కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేసి, పరధ్యానంలో ఆ కుప్పను అరచేత్తో ఊడ్చాడు. అప్పట్నుంచి పెండ్లామే ఆయన చెయ్యి పట్టుకుని ఇల్లు చేరుస్తోంది.

శ్రీవిద్య ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఎనిమిది నెలలైంది. ఆదోనిలో మేనమామ ఇంట పెరిగి, బీసీయే చదివింది. తేజేశ్వర్‌ది ఎరువుల అంగడి. సరుకు లెక్కలు ఎక్కించడానికి ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోనిచ్చేవాడు. ఫోను మాత్రం ఉంచనివ్వలేదు. ఒకసారి పక్కింటివాళ్ళ ఫోనులో మాట్లాడిందని ఎడమచేతి చిటికెనవేలు వెనక్కి విరిచాడు. ఆ వేలు ఇప్పటికీ వంగదు. అతను అరిచినప్పుడు ఆమెకు అంత భయం వేసేది కాదు. గొంతు తగ్గించి మాట్లాడితేనే వణుకు పుట్టేది.

ఆ వేసవిలో ఒక గురువారం, ఆమె తన స్నేహితురాలు పద్మప్రియకు రాసిన మెయిలు అతని కంటబడింది. 'కర్నూల్లో నాకేదైనా పని చూడు, ఇక్కడ బతకలేను' అని రాసి ఉంది. తుడుద్దామనుకుంది గానీ, మసికి భయపడి అట్లాగే ఉంచేసింది. తేజేశ్వర్ నింపాదిగా చదివాడు. కొట్టలేదు.

"ఆదివారం కమలాపురం తోటకాడికి పోదాం. మనిద్దరమే. బావిగట్టు మీద చల్లగా ఉంటాది," అన్నాడు మెత్తగా.

వంటింట్లో అత్త రాజ్యలక్ష్మమ్మ చేతిలోంచి చెంబు జారి కిందపడింది.

మర్నాడు కొడుకు అంగడికి పోగానే ఆమె వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఎనిమిది నెలల్లో ఆమె అట్లా కూర్చోవడం అదే మొదలు.

"కృష్ణవేణిని గూడా ఆదివారమే తోడుకపోయినాడు," అంది.

"ఎవరత్తా?"

"నీకన్నా ముందొచ్చిన కోడలు. జబ్బు చేసి పోయిందని మీ మేనమామకు చెప్పినాడు. జబ్బు గాదు. బావిలో పడింది. కాలు జారిందన్నాడు. ఆయమ్మి చెప్పులు రెండూ గట్టు మీద పక్కపక్కనే ఉండాయి. కాలు జారేటోళ్ళు చెప్పులిప్పి పెట్టి జారతారామ్మా? ఎవురూ అడగల్యా. నేనూ అడగల్యా."

"నేను పోతానత్తా. కర్నూలుకు పోతా."

"యాడికి పోయినా ఎతుక్కుంటా వస్తాడు. ఈ చుట్టుపక్కల వానికి పిల్లనిచ్చేటోళ్ళు లేకనే గదా ఇందులో ఎతికినాడు." రాజ్యలక్ష్మమ్మ కంప్యూటర్ వైపు చూపించింది. "ఆ పెళ్ళి సంబంధాల సైట్లో నీ ఫొటో చూసేటప్పుడు నేనూ పక్కనే ఉండా. ఈ పిల్ల బాగుండాది అని నేనే అన్నా."

ఇద్దరి చూపూ తెల్ల టైల్స్ మీదికే పోయింది.

"ఉన్నదంతా తుడిచేయమంటారా?" అంది శ్రీవిద్య.

"వద్దు. గోపన్న మాదిరి అయిపోతే వాడు చేసింది గూడా మర్చిపోతాడు. కృష్ణవేణి వానికి గుర్తుండాల. నాకూ గుర్తుండాల. నిన్ను తెచ్చుకున్న ఆ సైటు ఒక్కటే తుడువు. మసి నేను కాఫీలో కలిపి వానికిస్తా. నువ్వెవురో వానికి గుర్తుండదు."

శనివారం అతను అంగడికి పోయాక, శ్రీవిద్య రెండు చీరలు, సర్టిఫికెట్లు, పెళ్ళి ఫొటోలు సంచిలో సర్దుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. బ్రౌజర్లో పాత సైట్ల పట్టీ తెరిచింది. ఎరువుల కంపెనీలు, బ్యాంకు, క్రికెట్. వెతగ్గా వెతగ్గా పెళ్ళి సైటు పేరు కనబడింది. దాని మీద మౌసు కుడివైపు మీట నొక్కితే, 'ఫర్గెట్ అబౌట్ దిస్ సైట్', అంటే ఈ సైటును మర్చిపో, అని వచ్చింది. చెయ్యి పక్కదాని మీద పడుతుందేమోనని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నొక్కింది.

పట్టీలోంచి ఆ ఒక్క పేరు పోయింది. టైల్ మీద చిటికెడు మసి, కాటుకలా, రాలింది.

పక్కనే కూర్చున్న రాజ్యలక్ష్మమ్మ కాగితం ముక్క కోసం లేచింది. అప్పుడే వాకిట్లో మోటారుసైకిల్ ఆగింది. మధ్యాహ్నం రెండింటికి గాని రాని మనిషి, పదకొండుకే వచ్చాడు. లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాడు. టైల్స్ చూశాడు.

"ఏం తుడిసినావు?" గొంతు తగ్గించాడు.

"ఏం లేదండీ."

"ఏం లేకనే మసి రాల్తాదా? నాకు తెలియకూడదని తుడిసినావు. సరే, నేనడగను. నువ్వే మర్చిపో. ఎత్తి నాలిక మీద ఏసుకో."

అది నాలుక మీద పడితే ఏమవుతుందో శ్రీవిద్యకు తెలుసు. ఇతనెవరో ఆమెకు తెలియకుండా పోతుంది. ఎందుకు భయపడాలో కూడా తెలియదు. రేపు ఇతను తోటకు రమ్మంటే, బావిగట్టు మీద చల్లగా ఉంటుందంటే, చెప్పులు విప్పి కూర్చుంటుంది.

"నేను తినను," అంది.

అతను ఆమె మెడ వెనక పట్టుకుని కిందికి వంచాడు. ముఖం టైల్‌కు జానెడు దూరంలోకి వచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టి పెదవులు కరుచుకుంది.

ఆ ముఖానికీ టైల్‌కూ మధ్య ఒక ముడతల చెయ్యి వచ్చింది. రాజ్యలక్ష్మమ్మ వేలు నోట్లో తడుపుకుని, మసినంతా ఒక్క పులుముతో ఎత్తేసింది.

"రా నాయనా," అంది కొడుకుతో. "ఊరి కండ్లన్నీ నీ మీదనే ఉండాయి. దిష్టిచుక్క పెడతా."

చిన్నప్పట్నుంచి వేలసార్లు విన్న మాట. ఏం జరుగుతోందో తెలుసుకునే లోపల అతను అలవాటుగా చెంప తిప్పాడు. ఆమె పెద్ద చుక్క పెట్టింది.

నాలుగు ఊపిర్లకు శ్రీవిద్య మెడ మీది పట్టు సడలింది. తేజేశ్వర్ తన చేతివైపు వింతగా చూసుకుని, పరాయి ఆడమనిషికి తగిలిన చెయ్యిలా చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరమ్మా మీరు? ఎరువులకొచ్చినారా? అంగడి బజార్లో ఉండాది. ఇంటికి రాగూడదు," అంటూ తనే పోయి గడియ తీశాడు.

శ్రీవిద్య తాళిబొట్టు జాకెట్లోకి దోపుకుంది. సంచి అందుకుని మెట్లు దిగింది. పరిగెత్తకూడదని తనకు తానే చెప్పుకుంటూ నడిచింది. లోపల అతను తల్లిని అడుగుతున్నాడు: "మా, రేపు తోటకాడ నాకేందో పనుండిందే. ఏందది?"

"నీకేం పని ల్యా," అంది రాజ్యలక్ష్మమ్మ. "నేను బతికుండంగా నువ్వు ఆ బావికాడికి పోవద్దు."

గేటు దాటుతుండగా వెనకనుంచి పిలుపు వినబడింది. "ఏమ్మా, నిలబడు. ఎండనబడి వచ్చినావు, చెమటలు కారిపోతాండాయి. మజ్జిగ తాగి పో."

రాజ్యలక్ష్మమ్మ గ్లాసు పట్టుకుని వచ్చింది. కోడలి ముఖంలోకి ఆదరంగా, గుర్తు లేకుండా చూసింది. గ్లాసు చుట్టూ ఉన్న వేళ్ళలో ఒకటి ఇంకా నల్లగానే ఉంది. ఆ వేలు తగిలితే ఈ అమ్మ కూడా తనకు మిగలదు.

శ్రీవిద్య సంచి కింద పెట్టి దోసిలి పట్టింది.

"గ్లాసు వద్దమ్మా. చేతుల్లో పొయ్యి."

వంగని వేలు పక్కనుంచి కొంత మజ్జిగ కారిపోయింది. ఉన్నది ఆమె తాగింది.

"నీ పేరేందమ్మా?" అంది రాజ్యలక్ష్మమ్మ.

శ్రీవిద్య చెప్పింది.

"బాగుండాది," అంది ఆమె.