హత్యల మేడం

“ఆగవే. డాక్టరు వచ్చేసరికి గదిలో దీపం వెలుగుతోందా, ఆరిపోయి ఉందా?” అంది అక్క.

చెల్లెలు దువ్వెన ఆపింది. మందు సీసాలకు ఆనించి నిలబెట్టిన నవలలోకి వంగి, పై పేరా మళ్ళీ చూసింది.

“వెలుగుతోందట.”

“అయితే వాడు అబద్ధం చెబుతున్నాడు. సరే, కానివ్వు.”

పొద్దున్నే ఇదీ వరస. అక్క వీపు వెనక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టడం, మొహం తుడవడం, తల దువ్వుతూ ఒక అధ్యాయం చదివి వినిపించడం. జుట్టు పిడికెడు కూడా మిగల్లేదు కాబట్టి దువ్వడం ఎప్పుడో అయిపోతుంది. అయినా అధ్యాయం పూర్తయ్యేదాకా దువ్వెన ఆడుతూనే ఉంటుంది. కళ్ళు మసకబారాక అక్క పెట్టిన నియమం, రోజుకు ఒక్క అధ్యాయమే. ఆత్రపడి మింగితే రుచి తెలియదంటుంది.

“వంటామె మీద అనుమానంగా ఉందక్కా,” అంది చెల్లెలు, కావాలనే.

“పొయ్యి మీద కూర పెట్టుకుని ఎవరైనా హత్యకి వెళ్తారటే? మాడిపోదూ?”

చెల్లెలు నవ్వింది. అక్క నవ్వబోయి దగ్గులో పడింది. గుండె బలహీనపడి, కాళ్ళకు నీరు పట్టింది. దగ్గు తగ్గేదాకా వీపు నిమిరి, పక్కింటావిడకు మందులు అప్పజెప్పి, చెల్లెలు బస్సుకు పరుగెత్తింది.

విశ్వవిద్యాలయంలో ఆమెను అందరూ హత్యల మేడం అంటారు. అపరాధ పరిశోధన నవలలు, దెయ్యాల నవలలు, ప్రేమ నవలలు కలిపి ‘జనప్రియ నవల’ అని ఒక పేపరు ఉంది. అది మొదలైన ఏడు దాన్ని ముట్టుకోవడానికి ఏ ఆచార్యుడూ ముందుకు రాలేదు. తాత్కాలిక అధ్యాపకురాలు కదా అని ఈమె నెత్తిన పెట్టారు. ఆమె ‘సరే’ అంది. ఎవరికీ అక్కర్లేని పిల్లను చంకనెత్తుకున్నట్టు ఎత్తుకుంది. తలలో తెల్లవెంట్రుకలు వచ్చినా ఉద్యోగం ఇంకా తాత్కాలికమే.

నిజానికి ఆ నవలలు ఆమెకు అక్క పెట్టిన అన్నంతోపాటే వచ్చాయి. అమ్మ పోయాక అక్క రెడీమేడ్ బట్టల కార్ఖానాలో చేరింది. పగలంతా కాలర్లు కుట్టి, సాయంత్రం గుండీలు కుట్టే పని ఇంటికి తెచ్చుకునేది. అద్దెకు తెచ్చిన నవల ఒళ్ళో పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించే మధ్య మధ్య ఒక్కో పేజీ పైకి చదివేది. గట్టు మీద శవం దొరికిన చోట దారం తెంపి, “మిగతాది గుండీలయ్యాక,” అనేది. చెల్లెలు పరుగు పరుగున గుండీలు అందించేది. ఆ గుండీలే ఆమెకు ప్రాచీన కావ్యాల మీద డాక్టరేటు దాకా ఫీజులు కట్టాయి. ఆ చదువు పూర్తయిన కొత్తలో, ఇంటికి తోటి అధ్యాపకులు వస్తే, అక్క తన నవలలన్నీ తానే తీసి మంచం కిందకు తోసేది. “నీకు నామోషీగా ఉంటుందిలే,” అనేది. చెల్లెలు కాదనలేదు.

ఆ రోజు తరగతిలో విద్యార్థులు తమకిచ్చిన కొత్త పని చేసుకొచ్చి చెప్పాల్సిన వంతు. కిందటి వారం కళ్ళద్దాల కుర్రాడొకడు, “మేడం, ఈ నవలలన్నీ ఒకేలా ఉంటాయి. ఒకటి చదివితే వంద చదివినట్టే. వీటికి ఇన్ని సిద్ధాంతాలెందుకు?” అని అడిగాడు. ఎప్పుడూ చెప్పే జవాబు చెప్పబోయి, ఆమె మాట మార్చింది. ఇంట్లోనో వీధిలోనో ఇలాంటి నవలలు చదివే ఒక్క మనిషిని కలిసి, ఎందుకు చదువుతారో అడిగి రమ్మంది.

కళ్ళద్దాల కుర్రాడు తమ వీధి వాచ్‌మన్‌ని అడిగాడు. హంతకుణ్ణి వెతుకుతుంటే నిద్ర రాదన్నాడట వాచ్‌మన్. తరగతి నవ్వింది. ఇంకొకడి మేనత్త ప్రేమ నవలలు చదువుతుందట, “మీ మావయ్యని చూశావుగా, మరెందుకడుగుతావు?” అందట. గోల ఇంకా పెరిగింది.

చివరి వరుసలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచింది.

“మా అమ్మ దెయ్యాల నవలలు చదువుతుంది మేడం. మా నాన్న పోయాక మొదలుపెట్టింది. ఒక్కదానివే ఉంటావు కదా, భయం వెయ్యదా అని అడిగాను.” ఆగింది. “ఇంట్లో ఎవరో ఉన్నట్టు ఉంటుందే, అంది.”

కళ్ళద్దాల కుర్రాడు కలం మూత పెట్టేసి తలొంచుకున్నాడు. హత్యల మేడం బల్ల మీది సుద్దముక్క తీసుకుంది. బోర్డు మీద రాయడానికి ఏమీ తోచక మళ్ళీ పెట్టేసింది. “కూర్చో అమ్మా,” అంది చివరికి.

మధ్యాహ్నం శాఖాధిపతి పిలిచాడు. చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తాగమన్నాడు. అంత మర్యాద చూసేసరికే ఆమెకు విషయం సగం అర్థమైంది.

“వచ్చే ఏడు నుంచి మీ పేపరు ఉండదమ్మా. రైల్వే స్టేషన్లో అమ్మే పుస్తకాలకి మార్కులేమిటని పై వాళ్ళు నవ్వుతున్నారు.”

“నవ్వేవాళ్ళు కూడా చదివే ఉంటారు సార్.”

“నేనూ చదివాను. దుప్పటి ముసుగేసుకుని మరీ చదివాను.” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మీకు మొదటి ఏడాది వాళ్ళ వ్యాకరణం ఇస్తున్నాను. ఉద్యోగానికి ఢోకా లేదు.”

దెయ్యాల నవలలు చదివే ఆ తల్లి మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే ఈయన కూడా ఒక్క క్షణం మెత్తబడతాడు, ఆ తర్వాత కాగితం మీద సంతకం పెడతాడు. ఆ పిల్ల మాటను ఈ బల్ల మీద పెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

“సరే సార్,” అంది.

ఇంటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. పక్కింటావిడ గుమ్మంలోనే గొంతు తగ్గించి, “మధ్యాహ్నం నుంచి మాట తగ్గిందమ్మా. డాక్టరుకి ఫోన్ చేస్తే మందు పెంచమన్నాడు. రేపు వచ్చి చూస్తాడట,” అని చెప్పి వెళ్ళింది.

“కాళ్ళీడ్చుకుంటూ వచ్చావేం?” అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

“పేపరు తీసేశారక్కా.”

అక్క కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “తీసేస్తే జనం చదవడం మానేస్తారా?”

“మానరు.”

“నిన్ను తీసేశారా?”

“లేదు. వ్యాకరణం చెప్పమన్నారు.”

“అయ్యో, దానికంటే హత్యలే నయం కదే!”

చెల్లెలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మంచం పట్టె మీద కూర్చుని అక్క చేతిని ఒళ్ళోకి తీసుకుంది. సూదులు దిగీ దిగీ చూపుడువేలి కొస మొద్దుబారి చెక్కలా ఉంటుంది.

“నాకెప్పుడూ నామోషీ లేదక్కా,” అంది.

“ఉండేదిలే.” అక్క గొంతులో నిష్ఠూరం లేదు. “పోయిందిగా. ఇంకో అధ్యాయం చదువు.”

“ఇవాళ్టిది పొద్దున అయిపోయింది.”

“నియమం పెట్టింది నేనే. చదవమంటున్నాను.”

చదివింది. పరిశోధకుడు వంటామెనీ, డాక్టరునీ, ప్లీడరునీ, ఇంట్లో వాళ్ళనందరినీ హాల్లోకి పిలిచి తలుపులు వేయించాడు. అధ్యాయం అక్కడికి ముగిసింది. ఇక మిగిలింది ఒక్కటే.

“కొంచెం పాలు తాగుతావా? తాగాక అదీ చదివేస్తాను,” అంది చెల్లెలు. అక్క తలాడించింది.

పాలు వేడిచేసి, చల్లార్చి, గ్లాసుతో వచ్చేసరికి అక్క తల గోడవైపు ఒరిగి ఉంది. నిద్రపోయిందనుకుంది. గ్లాసు కింద పెట్టి భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి తగల్లేదు.

పక్కింటావిడని పిలవాలి. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. అక్క తల నెమ్మదిగా తిప్పి దిండు మీద సరిచేసింది. కుర్చీ దగ్గరకు లాక్కుని నవల తెరిచి, రోజూ చదివేటంత గట్టిగా చదవసాగింది. పరిశోధకుడు ఒక్కొక్కరినే ప్రశ్నించాడు. డాక్టరు దీపం సంగతిలో అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. అప్పు కోసం వచ్చానే గాని చంపలేదని ఏడ్చాడు. హంతకుడి పేరున్న వాక్యం ముందు ఆమె చదవడం ఆపింది. బయట ఎవరో సైకిల్ గంట మోగించుకుంటూ పోయారు.

“చంపింది ప్లీడరు, అక్కా,” అంది. “వంటామె కాదు.”

ఆఖరి పేజీ కూడా చదివి, పుస్తకం మూసి, అప్పుడు వెళ్ళి పక్కింటి తలుపు తట్టింది.

పక్కింటావిడ వచ్చి, అక్క కాళ్ళు పట్టుకుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, దుప్పటి సరిచేస్తూ కిటికీ వైపు చూసింది.

“మధ్యాహ్నం కమలాపండు ఒలిచిచ్చానమ్మా. నాలుగు తొనలు తిని చాలంది. మిగతాది చిన్నదానికి ఉంచమంది.”

కిటికీ గట్టు మీద, దొప్పలా ఒలిచిన తొక్కలో, సగం పండు అలాగే ఉంది. తొనల అంచులు గాలికి కాస్త ఎండాయి.