ఎలైతో నడవాల్సిన మనిషి

ఎడమ చీలమండకి కట్టు పూర్తయింది. కుడికాలు పెట్టమని వెండెల్ క్రూపా బల్ల మీద తట్టాడు. తెల్ల టేపుని మడమ కింద నుంచి తిప్పి, పైకి లాగి, వేళ్ళతో చింపి, అరచేత్తో నొక్కి అతికించాలి. ఎక్కడ ముడత పడినా ఆట ముగిసేసరికి బొబ్బ లేస్తుంది. ఆ చేతులు ఎందరి పాదాలు పట్టుకున్నాయో గానీ, ఆయన భుజం మీద ఓ మనిషి చెయ్యి పడి చాలాకాలమైంది.

హెల్మెట్లు పెట్టుకుని, ఒకర్నొకరు గుద్దుకుంటూ ఆడే మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఆయన ట్రైనరు. అంటే దెబ్బలు చూసే మనిషి. డాక్టరు కాకపోయినా కుర్రాళ్ళంతా డాక్ అనే పిలుస్తారు. చదువై వెళ్ళిపోయాక వాళ్ళకి కోచ్ గుర్తుంటాడు, తగిలిన దెబ్బ గుర్తుంటుంది, కట్టు కట్టినవాడు గుర్తుండడు. భార్య మార్లీన్ "శనివారాలన్నీ వాళ్ళకే ఇచ్చేశావు, నాకేం మిగిల్చావు?" అని ఓమహా నగరానికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే.

ఇవాళ మాత్రం ఆయన జాకెట్ కింద టై కట్టుకున్నాడు. బల్ల మీద కూర్చున్న ఎలై ట్రుహియో కళ్ళు దాని మీదే పడ్డాయి.

"ఏంటి డాక్, పెళ్ళికొడుకులా తయారయ్యారు?"

"నోరు మూసుకుని కాలు కదపకుండా ఉంచు."

"పిల్లెవరో చెప్పండి ముందు."

"నువ్వేరా గాడిదా. నీ పక్కనేగా నడవాలి!"

ఎలై పగలబడి నవ్వాడు. ఆఖరి సంవత్సరం కుర్రాళ్ళు, సొంత మైదానంలో ఆఖరి ఆట రోజున, విరామంలో అమ్మానాన్నలతో కలిసి మైదానం మధ్యదాకా నడుస్తారు. పేర్లు మైకులో చదువుతారు. ఎలై తల్లి దూరాన న్యూ మెక్సికోలో ఓ ఆస్పత్రి వంటగదిలో పనిచేస్తుంది. ఆమెకి సెలవు దొరకలేదు. తండ్రి ఊసే లేదు. పోయినవారం మోకాలికి ఐసు పెట్టించుకుంటూ ఎలై, "డాక్, మీరు నడుస్తారా నాతో?" అన్నాడు, తువ్వాలు అందివ్వమన్నంత మామూలుగా. వెండెల్ "చూద్దాంలే" అని పక్కగదిలోకి పోయి ఐసు మెషీను ముందు ఊరికే నిలబడ్డాడు. రోజూ పొద్దున్నే వచ్చి, నొప్పి ఉన్నా లేకపోయినా ఆయనతో కబుర్లు చెప్పేది ఎలై ఒక్కడే.

ఆట మొదలైంది. మొక్కజొన్న కోసేసిన చేల మీంచి వచ్చే గాలి ఎముకల్ని కొరుకుతోంది. ఓడిపోవడం మా జట్టుకి కొత్త కాదు, అయినా ఆఖరి ఆట కదా అని గ్యాలరీలోంచి గొంతు చించుకుని అరుస్తున్నాం. రెండో క్వార్టరులో, అంటే విరామానికి కాస్త ముందు, ఎలై ఎదుటివాడికి తల అడ్డం పెట్టి పడగొట్టాడు. లేచాడు. చప్పట్లు మోగాయి. అందరూ బంతి వైపు చూస్తుంటే వెండెల్ మాత్రం ఎలై కాళ్ళ వైపు చూశాడు. లేచాక ఒక అడుగు తడబడి పక్కకి పడింది.

మైదానం గీత దాటి బయటికి రాగానే వాడి చొక్కా పట్టుకుని బెంచీ దగ్గరికి లాక్కొచ్చాడు. కోచ్ బ్రాండిస్ వెనకే పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందిప్పుడు? వాడు బానే ఉన్నాడుగా!"

"బానే ఉన్నా డాక్, వదలండి," అన్నాడు ఎలై హెల్మెట్ తీస్తూ.

"స్కోరెంత?"

చెప్పాడు. నెలలు వెనక్కి చెప్పమంటే తడుముకోకుండా చెప్పాడు. తలకి దెబ్బ తగిలిందేమో చూడ్డానికి అడిగే ఈ ప్రశ్నలు కుర్రాళ్ళందరికీ కంఠతా వచ్చు. వెండెల్ ఆగాడు. ఇక్కడితో వదిలేయొచ్చు. కోచ్ సంతోషిస్తాడు, కుర్రాడు సంతోషిస్తాడు, ఇంకాసేపట్లో ఇద్దరూ పక్కపక్కన నడుస్తారు. వదిలేయాలనే అనిపించింది, చాలా అనిపించింది.

"విరామంలో నీతో నడిచేదెవరు?"

"మా అమ్మ," అన్నాడు ఎలై వెంటనే. జనం వైపు చెయ్యి చూపించాడు. "అదిగో, అక్కడెక్కడో కూర్చుంది."

"చూశావా, అన్నీ టకటకా చెప్తున్నాడు," అన్నాడు కోచ్. "పంపించెయ్."

"వాళ్ళమ్మ రాలేదు కోచ్."

"నీకెలా తెలుసు?"

"నడవాల్సింది నేను," అన్నాడు వెండెల్.

అని, ఎలై చేతిలోంచి హెల్మెట్ తీసేసుకున్నాడు. హెల్మెట్ లేనివాణ్ణి ఎంత మొండి కోచ్ అయినా ఆటలోకి దింపలేడు. అందుకే ట్రైనర్లు ముందు దాన్ని లాక్కుంటారు.

"ఇచ్చెయ్," అన్నాడు ఎలై. "నా ఆఖరి ఆట ఇది. ఇచ్చెయ్ నాకు!"

"ఇవ్వను నాన్నా."

"నీకేం తెలుసు? ఒక్కరోజైనా ఆడిన మొహమేనా? కట్లు కట్టుకునేవాడివి!"

వెండెల్ హెల్మెట్‌ని చంకలో ఇరికించుకుని ఆ మాట పడ్డాడు. తర్వాత జట్టు డాక్టరు వచ్చి చూసి, ఆడటానికి వీల్లేదని తనూ అన్నాడు. నడవడానికి మాత్రం అడ్డు లేదన్నాడు.

విరామానికల్లా ఎలై తేరుకున్నాడు. అమ్మ రాలేదని గుర్తొచ్చింది. రమ్మని ఎవర్ని అడిగాడో కూడా గుర్తొచ్చింది. తల్లులకి ఇవ్వమని కుర్రాళ్ళకి తలా ఒక తెల్ల చేమంతి పంచారు. వెండెల్ వరసలో అతని పక్కన చేరి, టై కనబడేలా జాకెట్ జిప్పు కిందికి లాగాడు.

"మీరొద్దు," అన్నాడు ఎలై మొహం తిప్పకుండా.

వెండెల్‌కి వినబడింది. వినబడనట్టు ఇంకాస్సేపు నిలబడ్డాడు. తర్వాత గీత బయటికి జరిగాడు.

మైకు పట్టుకున్న పెద్దమనిషికి ఇదంతా ఏం తెలుసు? రాసిచ్చింది చదివాడు. "ఎలై ట్రుహియో! అతనితో నడుస్తున్నది మన వెండెల్ క్రూపా!" మేం చప్పట్లు అందుకున్నాం. మధ్యకి ఒక్కడే పోతున్న కుర్రాణ్ణి చూసి, మా చేతులు ఆగిపోయాయి. ఆయనెక్కడా అని కొందరు తలలు తిప్పారు. ఆయన నీళ్ళ డబ్బాల పక్కన హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తను చేసింది తప్పు కాదని ఆయనకి తెలుసు. తెలిసినా ఏడుపొచ్చింది. గాలికి నీళ్ళు కారినట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

ఆట ఓడిపోయాం. ఎలైని గదికి తీసుకెళ్ళడానికి అతనితో ఉండే గ్రేడీ కారు తెచ్చాడు. వెండెల్ కిటికీ దగ్గర వంగి జాగ్రత్తలు చెప్పాడు.

"తలనొప్పి పెరిగినా, వాంతి అయినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపో. ఫోను చూడనివ్వకు. ఒంటరిగా మాత్రం వదలకు."

"అలాగే డాక్."

ఎలై పక్కసీట్లో కూర్చుని, తిన్నగా ముందుకే చూస్తున్నాడు. ఇంక ఆటల్లేవు. డిసెంబరుతో చదువూ అయిపోతుంది. ఆ బల్ల మీద మళ్ళీ కాలు పెట్టాల్సిన పని అతనికి లేదు.

"రేపు పొద్దున ఒకసారి వచ్చి కనబడు నాన్నా," అన్నాడు వెండెల్.

"డాక్టరు దగ్గరికే వెళ్తాలెండి."

అద్దం పైకి లేచింది. కారు కదిలింది. వెండెల్ చెయ్యెత్తాడు, అటువైపు నుంచి ఏమీ లేకపోయేసరికి దించేశాడు.

కారు ఆగిన చోట కంకర మీద చేమంతి పడి ఉంది. తలుపు వేస్తుంటే జారిందో, కావాలనే వదిలాడో. ప్లాస్టిక్ కాగితమైనా విప్పలేదు. కోటుకి గుచ్చడానికని కాడకి పెట్టిన పిన్నీసు ఇంకా మూసే ఉంది.