మూడో తీగ జారు

నేను ఒక ఎలక్ట్రిక్ గిటార్‌ని. ఒంటి రంగు ఎరుపు. ఇప్పుడు చూసేవాళ్లు ఇటుక రంగంటున్నారు, వాళ్ల తప్పేమీ లేదు. పుట్టింది జపానులో ఒక కార్ఖానాలో. ఓడ మీద పనిచేసే ఒకాయన విశాఖపట్నం రేవులో దిగి, గెద్దాడ ఇమ్మానుయేలు అనే కుర్రవాడి చేతి గడియారం పుచ్చుకుని నన్ను అతనికిచ్చాడు. ఆ గడియారం నడవదని పాపం ఓడెక్కాక గాని తెలిసి ఉండదు.

ఇమ్మానుయేలు నన్ను మొదట చర్చిలో వాయించాడు. కీర్తన మధ్యలో రాక్ దరువు చొరబడేసరికి పాస్టరుగారు కళ్లు తెరిచి ప్రార్థన చేశారు. తర్వాత బీచ్ రోడ్డు హోటల్లో ఒక రాక్ బ్యాండుతో కలిశాం. చప్పట్లు బాగానే పడేవి. చప్పట్లతో సంసారం గడవదని పెళ్లయ్యాక అతనికి తెలిసొచ్చి, మద్రాసు బండెక్కాం.

అక్కడ మా పని సినిమా పాటల రికార్డింగులు. ఏ స్టూడియో పిలిస్తే అక్కడికి వెళ్లి, అడిగింది వాయించి రావడం. ఆ అడగడం కూడా వింతగా ఉండేది. పల్లవికీ చరణానికీ మధ్య ఖాళీ చూపించి, ఇక్కడ ఏదైనా ఒక బిట్ వెయ్యవయ్యా అనేవారు. ఇమ్మానుయేలు అప్పటికప్పుడు బాణీ కట్టి వేసేవాడు. వేసినవాడు వాద్యగాడు, వెయ్యమన్నవాడు స్వరకర్త. రికార్డు అట్ట మీద పేరు రెండోవారిదే. ఈ న్యాయం నాకెప్పుడూ బోధపడలేదు. చెక్కని కదా.

ఒకరోజు సంగీత దర్శకుడు నరహరి మాస్టారి పాట. నిర్మాత కొత్తవాడు. పూజ ఘనంగా ఉండాలని మైకుల మధ్యే కొబ్బరికాయ కొట్టాడు. ఉత్సాహం ఎక్కువై, చిప్ప ఎగిరొచ్చి నా మూడో తీగ బిరడాకు తగిలింది. తీగను బిగించి ఉంచేది ఆ బిరడాయే. దాని పట్టు తప్పడంతో, రికార్డు చేస్తుండగా బిట్ చివరి స్వరం మోగుతూ మోగుతూ కిందికి జారిపోయింది. ఇమ్మానుయేలు ముఖం పాలిపోయింది. మాస్టారు మాత్రం అద్దం అవతలి నుంచి, మళ్లీ అదే కావాలన్నారు.

అడిగినప్పుడల్లా జారడం నా వల్ల అవుతుందా? ఇమ్మానుయేలే దారి కనిపెట్టాడు. చివరి స్వరాన్ని ఖాళీ తీగ మీద మీటి, ఎడమ చెయ్యి పైకి పోనిచ్చి, తీగ మోగుతుండగానే బిరడాను మెల్లగా వదులు చేశాడు. ఒక వాద్యం మోత ఇంకో మైకులో పడకుండా మా చుట్టూ చెక్క తడికెలు పెట్టేవారు. ఎవరి కంటా పడలేదు.

ఆ పాట ఊరూరా మోగింది. ఆ జారును తోడి రాగంలోంచి తెచ్చానని మాస్టారు పత్రికలకు చెప్పారు. అది కొబ్బరిచిప్పలోంచి వచ్చిందని నాకు తెలుసు. మిగతా గిటారిస్టులు తీగ మీద వేళ్లు జరిపి జరిపి చూశారు గాని ఆ ధ్వని పలకలేదు. జారు కావాలంటే ఇమ్మానుయేలునే పిలవాలని స్టూడియోల్లో స్థిరపడిపోయింది.

కొన్నేళ్లకు అతనికే సంగీత దర్శకుడిగా ఒక సినిమా దొరికింది. పోస్టర్ల మీద తన పేరు చూపించడానికి భార్య సువార్తను రిక్షాలో ఊరంతా తిప్పాడు. ఆ సినిమా పాటలో తన జారు తాను వేసుకున్నాడు. నరహరిగారి సొత్తు కాజేశాడని పత్రికలు రాశాయి. నాకు ఒళ్లు మండిపోయింది. సువార్త నన్ను తెచ్చి అతని ఒళ్లో పెట్టి, పత్రికలవాళ్లను పిలిచి ఎలా తీస్తావో చూపించమంది.

"సూపిస్తే పేరొస్తాది. మర్నాటి నుంచి అందరూ అలాగే వాయించేత్తారు. మరి మనల్నెవుడు పిలుస్తాడే?" అన్నాడు.

పేరుకీ తిండికీ వచ్చిన తగువులో తిండే గెలిచింది. సినిమా పోయింది. తర్వాతి పిలుపు నరహరి మాస్టారి నుంచే వచ్చింది. నా జారు ఒకటి వెయ్యవయ్యా అన్నారాయన. ఇమ్మానుయేలు తలవంచుకుని వేశాడు.

తర్వాత కీబోర్డులు వచ్చి మా ఇద్దరినీ ఇంట్లో కూర్చోబెట్టాయి. అతను విశాఖ తిరిగొచ్చాక, ఒక సంగీత కళాశాలవాళ్లు నన్ను అడిగి తీసుకెళ్లి అద్దాల పెట్టెలో పెట్టారు. కింద పలక తగిలించారు: 'నరహరిగారి జారు పలికిన గిటార్'. బాగుచేస్తున్నామనుకుని కొత్త బిరడా కూడా వేశారు. ఆ పెట్టె ప్రారంభోత్సవానికి మాస్టారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆ బిట్ వాయించడానికి ఇమ్మానుయేలును పిలిపించారు.

అతను నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు. పిలుపులు పోతాయన్న భయం ఇక లేదు. చుట్టూ తడికెలూ లేవు. చివరి స్వరం మీటి, హాలంతా చూస్తుండగా ఎడమ చెయ్యి ఎత్తి బిరడా తిప్పాడు. జారు దిగింది, అచ్చం ఆనాటిదే. బిరడాతోనా అని ఎవరో గొణిగారు. చెక్కనే గాని, నాకు చాలా సంతోషమేసింది.

మాస్టారు లేచి దగ్గరికొచ్చి నా బిరడా కేసి చూస్తూ నిలబడ్డారు.

"ఇన్నాళ్లూ ఇలాగా తీశావు? ఒక్కనాడైనా చెప్పలేదేమయ్యా?"

"మీరు అడగనేదు కదండీ. మీదే అన్నారు, మీకు తెలుసుననుకున్నాను."

మాస్టారు వెళ్లి కూర్చున్నారు. తర్వాత ప్రసంగించారు గాని తోడి మాట ఎత్తలేదు.

నన్ను మళ్లీ పెట్టెలో పెట్టారు. పలక మార్చలేదు. అయితే చూడవచ్చే విద్యార్థులు పలక చదవడం మానేసి, ముందుగా నా బిరడా వైపే వేలు చూపిస్తున్నారు. ఇమ్మానుయేలు ఇలా తిప్పేవాడట అని గాలిలో చెయ్యి తిప్పుకుంటున్నారు. మూడో తీగను ఎవరూ మళ్లీ బిగించలేదు. అతను వదిలిన చోటే ఉంది.