ముందు మన వేలు

“పోపు మాడి వీధంతా దగ్గుతాంటే నీ ముక్కు యాడ పెట్టుకున్నావు మే?”

వసారాలోంచి అత్తగారు రామసుబ్బమ్మ అరిచింది. కల్పన బాణలిలోకి చూసింది. మిరపకాయలు బొగ్గులయ్యాయి. పొగకు కళ్ళు మండుతున్నాయి, ముక్కుకు మాత్రం ఏమీ తెలియడం లేదు. ఉగ్గానికని నానబెట్టి పిండిన బొరుగులు పళ్ళెంలో ఎదురుచూస్తున్నాయి. ఆమె పొయ్యి ఆర్పి, ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఇంగువ వాసన కూడా లేదు.

టైము ఆరుంపావు. జాయ్ అక్క ఫోను రావడానికి పావుగంట ఉంది.

కల్పన కుందుర్పి మండలంలో ఏఎన్ఎమ్. కరోనా వచ్చిన ఈ ఐదు నెలల్లో సంచి భుజాన వేసుకుని ఆమె ఎక్కని గడప లేదు, పట్టుకుని ఆక్సిజన్ చూడని వేలు లేదు. సాయంత్రం ఇంటికొస్తే పెరట్లోనే స్నానం. ఆమె కంచం, గ్లాసు వేరుగా కిటికీలో ఉంటాయి. “వీధి వీధీ తిరిగొస్తావు, ముసలిదాన్ని, నాకేమన్నా అయితే?” అని రామసుబ్బమ్మ పెట్టిన ఏర్పాటు అది. వంట మాత్రం మూడు పూటలా కల్పనే చేయాలి. కంచానికి అంటుకునే రోగం అన్నానికి అంటుకోదని ఆ ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం.

పొద్దున ఆరున్నరకు వచ్చే ఫోను జాయ్ పెట్టిన పద్ధతి. పక్క సబ్ సెంటర్లో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి ఆమె. చుట్టుపక్కల ఊళ్ళ ఏఎన్ఎమ్‌లు ముగ్గురిని, అంటే తనను, కల్పనను, కొత్తగా చేరిన మౌనికను, ఒకే కాల్‌లో కలుపుతుంది. “ఊరోళ్ళ వేలు పట్టుకునే ముందు మన వేలు పెట్టుకోవాల” అన్నది రూలు. ఆక్సీమీటర్లో వేలు పెట్టి అంకె చెప్పాలి. తొంభై నాలుగు కన్నా తగ్గిన మనిషి సంచి కింద పెట్టేయాలి, ఆమె ఊళ్ళను మిగతా ఇద్దరూ పంచుకోవాలి. అంకె తర్వాత మూడు ప్రశ్నలు. తిన్నావా? పండుకున్నావా? ఎవరినన్నా తిట్టినావా? “దినానికొకర్ని తిట్టాల మే. కడుపులో పెట్టుకుంటే బీపీ అయి కూచ్చుంటాది” అంటుంది జాయ్. మౌనిక రోజూ ఇద్దరి ముగ్గురి పేర్లు చెప్పేది. కల్పన మాత్రం “ఎవర్నీ లేదక్కా” అనేది. వంటింట్లో ఫోను మాట్లాడితే వసారాలోకి వినిపిస్తుంది.

“మొదలాయె పేరంటం” అనేవాడు భర్త కార్తికేయ, ఫోను మోగినప్పుడల్లా.

కల్పన సంచిలోంచి ఆక్సీమీటర్ తీసి చూపుడు వేలు పెట్టింది. తొంభై ఒకటి. చేయి చల్లగా ఉందేమోనని వేడి బాణలి మీద కాచుకుని మధ్య వేలు పెట్టింది. తొంభై రెండు అని చూపించి, మళ్ళీ తొంభై ఒకటి దగ్గర నిలబడింది.

పది రోజుల కిందట బయ్యన్న అనే రైతు ఇంట్లో ఇదే అంకె చూసింది. భార్యకు జ్వరమని బయ్యన్న ఎవరికీ చెప్పలేదు. వానపడింది, చెనిక్కాయ ఇత్తాల, మనిషి తక్కువైతే అదును పోతుందని దాచాడు. ఆమె కూడా “నాకేముంది మేడమ్, దిట్టంగా ఉండా” అని నవ్వుతూ మాట్లాడింది. సాయంత్రం దాకా అట్లాగే మాట్లాడింది. మర్నాడు లేదు.

“ఇంకా టిఫిన్ కాలేదా?” అంటూ కార్తికేయ వంటింట్లోకి వచ్చాడు. కల్పన వేలు చూపించింది. ఐదు నెలలుగా కరోనా డ్యూటీ చేస్తున్న ఏఎన్ఎమ్ మొగుడు కాబట్టి అంకెకు అర్థం అతనికి తెలుసు.

“ఎవురికన్నా చెప్పినావా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. ఎట్లా ఉందని అడుగుతాడేమోనని ఒక్క క్షణం ఆగింది.

“చెప్పొద్దు” అన్నాడతను, గొంతు తగ్గించి. “రేపు శ్రావణ శుక్రవారం. మన అంగట్లోకి టెంకాయలు రాత్రే దిగినాయి. నీ పేరు బయటికొస్తే ఎవురూ రాకుండా ఇంటిముందర అడ్డంగా కట్టెలు కడతారు, అంగడి బందు. మాత్రలు నీ సంచిలోనే ఉండాయి కదా, మింగు. వాళ్ళకు తొంభై ఎనిమిది అని చెప్పు. ఎవురు చూడొచ్చినారు?”

“ఆయాసముండాది.”

“పొయ్యికాడ నిలబడితే ఎవురికైనా ఉంటాది.”

ఫోను మోగింది. కల్పన స్పీకర్ పెట్టి గట్టు మీద ఉంచింది. కార్తికేయ కదల్లేదు.

“మౌనికా, వేలెంత?”

“తొంభై ఎనిమిదక్కా. రాత్రి మిగిలిన సంగటి తిన్యా. మా ఆడబిడ్డను తిట్టినా, గట్టిగానే.”

“భేష్. నాది తొంభై ఏడు. కల్పనా, నువ్వు చెప్పు మే.”

కార్తికేయ రెండు చేతులూ ఎత్తి ముందు తొమ్మిది వేళ్ళు చూపించాడు. తర్వాత ఒకటి మడిచి ఎనిమిది చూపించాడు. చిన్నపిల్లకు ఎక్కం నేర్పేవాడిలా కనుబొమలు ఎగరేశాడు. కల్పన ఆ వేళ్ళ వైపు చూసింది. ఈ మండలంలో ఎన్ని వందల వేళ్ళు పట్టుకుందో. ఆ ఇంట్లో తన వేలు చూసింది ఇవాళ ఒక్కరే, ఆ చూసిన మనిషి చేయగలిగింది ఇది.

“తొంభై ఒకటి అక్కా” అంది. “వాసన తెలీలేదు. సంచి కింద పెట్టినా.”

జాయ్ గొంతు వెంటనే పనిలోకి దిగింది. “మౌనికా, అంబులెన్సుకు ఫోన్ కొట్టు. దాని ఊళ్ళు ఇవాల్టి నుంచి మనవి. కల్పనా, బోర్లా పండుకో. బండి వచ్చేదంకా ఏ పనీ చేయొద్దు. ఇనపడ్తాందా? ఏ పనీ.”

పదకొండేళ్ళ కాపురంలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు.

“ఎవరినన్నా తిట్టినావా మే?” జాయ్ మెత్తగా అడిగింది.

కార్తికేయ ఎనిమిది వేళ్ళు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

“ఇంకా లేదక్కా. ఊపిరి చాల్లేదు.”

వసారాలోంచి రామసుబ్బమ్మ మళ్ళీ అరిచింది. “మే, ఉగ్గాని ఏమాయె?”

కల్పన ఆక్సీమీటర్ను కొంగుతో తుడిచి, మొగుడి ముందు గట్టు మీద పెట్టింది.

“ముందు మీ వేలు పెట్టండి. ఆనక పొయ్యి మీరే ముట్టించుకుందురు.”