బస్సు యాడ ఆగుతది?

సంగప్పకు ఏడేండ్ల నుంచి ఒకటే అనుమానం. ఆ రోజు న్యాల్‌కల్‌లో తాను సంతకం పెట్టింది చాయ్‌కా, రోడ్డుకా?

పొద్దున్నే స్నానం చేసి, మెడలోని లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని పూజకు కూర్చుంటే చాలు, ఆ అనుమానం కూడా వచ్చి పక్కన కూర్చునేది. విభూతి పెట్టుకోబోయిన కుడిచెయ్యి ఒక్క క్షణం ఆగేది. శివుణ్ణి అడిగాడు. శివుడు పలకలేదు. భార్య గిరిజమ్మను అడిగితే, "పెట్టినవ్ గదా. ఇప్పుడు ఫికర్ జేస్తే ఆ సంతకం తిరిగొస్తదా?" అంది.

ఆ రోజు జరిగింది ఇది. మండలాఫీసు ముందు షామియానా వేశారు. 'ప్రాంతీయ రవాణా ప్రణాళిక - ప్రజాభిప్రాయ సేకరణ' అని బ్యానరు కట్టారు. జహీరాబాద్ నుంచి బీదర్ దిక్కు పోయే రోడ్డును నాలుగు వరసలు చేస్తారట, జనం అభిప్రాయం చెప్పాలట. సంగప్ప ఊరు హొన్నాపూర్ నుంచి జనం ట్రాక్టర్ల మీద పోయారు. గేటు దగ్గర బల్ల, బల్ల మీద హాజరీ పుస్తకం, పక్కనే చాయ్ డ్రమ్ము. ఆ దిక్కు జనానికి ఒక అలవాటు ఉంది. పిలిచినవాడి గడప తొక్కితే వాడు చేతికిచ్చింది కాదనరు. చాయ్ ఇస్తే తాగుతారు, పెన్ను ఇస్తే సంతకం పెడతారు. కాదంటే పిలిచినవాణ్ణి అవమానించినట్టు. సంగప్ప ఏడో తరగతి చదివినవాడు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. అందుకని తన సంతకం మొదట పెట్టి, వేలిముద్రల వాళ్లను వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి బొటనవేలూ పట్టుకుని తానే సిరా అద్దించాడు. మర్యాద అనుకున్నాడు. పుణ్యం అని కూడా అనుకున్నాడు.

సభ నడుమ, అదే ఊళ్లో కూలిపని చేసే శివమ్మ లేచి నిలబడింది.

"సార్, గింత పెద్ద రోడ్డేస్తే మా ఊరికాడ బస్సు యాడ ఆగుతది?"

వేదిక మీది సారు తలెత్తలేదు. ముందు వరసలో కూర్చున్న కాంట్రాక్టర్ బసవరాజ్ మాత్రం వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపుకు బెదిరింది శివమ్మ కాదు, ఆమె వెనక కూర్చున్న సంగప్ప. "కూసో అక్కా. పెద్ద సార్లు మాట్లాడంగ మధ్యల ఎందుకు?" అన్నాడు. శివమ్మ కూర్చుంది.

రోడ్డు వచ్చింది. హొన్నాపూర్ ముందు మనిషెత్తు కట్ట మీద, నడుమ డివైడర్ పెట్టుకుని వచ్చింది. పాత బస్టాపు మట్టి కిందికి పోయింది. ఊరు ఒక పక్క, చేన్లు ఇంకో పక్క. బస్సు ఎక్కాలంటే మూడు కిలోమీటర్లు నడవాలి. శివమ్మ కొడుకు వినయ్‌కు ఇరవై ఆరేండ్లు. చెరుకు కొట్టే పనికి పొద్దెక్కిందని డివైడర్ దాటబోతుంటే లారీ కొట్టింది. సంగప్ప అప్పుడు పక్క చేనులోనే ఉన్నాడు, కండ్లారా చూశాడు. లారీ ఆగలేదు. దవాఖాన బండి వచ్చింది గానీ అవతలి వరసలో వచ్చింది. మళ్లడానికి సందు లేక ఏడు కిలోమీటర్లు పోయి తిరిగొచ్చింది. అప్పటికి అంతా అయిపోయింది.

శివమ్మ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కానీ అంతదాకా సంగప్పను 'తమ్మీ' అని పిలిచేది, ఆ రోజు నుంచి 'పటేలా' అనడం మొదలుపెట్టింది. మూడెకరాల మెట్ట ఉన్న సంగప్పను పటేలా అనే మనిషి ఊళ్లో ఇంకొకరు లేరు. ఆ పిలుపు విన్నప్పుడల్లా అతను తల వంచుకునేవాడు.

ఈ ఎండకాలం మళ్లీ అదే బ్యానరు లేచింది. రెండో విడత పనులకు జహీరాబాద్ ఫంక్షన్ హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ.

అదే వారం కూతురు శ్రుతి ఒక కాగితాల కట్ట తెచ్చి తండ్రి ముందు పెట్టింది. జహీరాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. బస్సు కోసం మూడేండ్లుగా రోజూ మూడు కిలోమీటర్లు నడిచి నడిచి, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది.

"ఇగో నాయినా, నీ ముత్యాల అక్షరాలు. నువ్వే సదువు."

సంగప్ప చదివాడు. 'హాజరైన 143 మంది ప్రణాళికను ఏకగ్రీవంగా ఆమోదించారు. అభ్యంతరాలు: లేవు. బస్టాపు గానీ, రోడ్డు కింది నుంచి దారి గానీ కావాలని ఎవరూ కోరలేదు.' కింద సంతకాలు. మొదటిది అతనిదే. ఆ తర్వాత వరసగా అతను పట్టి అద్దించిన బొటనవేళ్లు.

ఏడేండ్ల అనుమానం తీరింది. తీరినాక, తీరకుండా ఉంటేనే బాగుండేదనిపించింది.

"ఈ రెండో విడతల ఏమున్నది బిడ్డా?"

"బసవరాజ్ భూములకాడ రోడ్డు దిగెటట్టు పెద్ద కూడలి. మనకాడనైతే వినయన్న పోయినంక మనోళ్లు గడ్డపారలతోని డివైడర్‌కు కొట్టిన సందు గూడ మూసేస్తరు."

"మరి గీ పనులకు పైసలు యాడియి?"

"బ్యాంకు అప్పు ఇస్తదట. జనం ఒప్పుకున్నరని కాయితం జతజేస్తెనే ఇస్తదట. ఈడ రాసిన్రు సూడు."

సంగప్ప ఆ వాక్యాన్ని వేలు పెట్టి మూడుసార్లు చదివాడు.

ఆదివారం మఠం ముందు ఊరు కూడింది. సంగప్ప లేచి కాగితం మొత్తం చదివి వినిపించాడు.

"మీ వేళ్లు పట్టింది నేను. నా చేతులతోని మిమ్ముల అమ్మిన."

"ఎంతకు అమ్మినవే?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఒక్క చాయ్‌కి!" అన్నాడు ట్రాక్టర్ తోలే సచిన్.

"అది గూడ సల్లారిన చాయ్," అంది ఒక ముసలామె. జనం గొల్లుమన్నారు. కోపంలో వచ్చిన నవ్వు అది. ఆ నవ్వుతోనే సంగప్ప గుండె మీది బరువు కొంచెం జరిగింది.

అప్పుడే బసవరాజ్ జీపు దిగాడు. నేరుగా సంగప్ప దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఏంది సంగప్పా, మనం మనం ఒక్కటే. ఒక్క మఠానికి మొక్కెటోళ్లం. అభివృద్ధికి అడ్డం పడ్తవా? సర్కారుతోని కొట్లాడి నువ్వేం సాధిస్తవ్?"

సంగప్ప ఆ చేతిని తీసెయ్యలేదు. మెల్లగా అడిగాడు.

"బసన్నా, ఒక్కటి అడుగుత, తప్పైతే మన్నించు. లింగం నీ మెడల ఉన్నది, నా మెడల ఉన్నది. రోడ్డు మటుకు నీ చేనుకాడనే ఎందుకు దిగుతది? నా చేనుకాడ ఎందుకు దిగదు?"

బసవరాజ్ చెయ్యి దానంతటదే జారింది. "కానియ్, సూస్త," అని జీపెక్కాడు.

తర్వాత వాదన ఊరి మధ్యనే లేచింది. "ఆ సభకు పోవుడే వద్దు," అన్నారు కొందరు. "పోయి సామాన్లు పగలగొడదాం," అన్నారు కుర్రవాళ్లు. అందరూ అరిచి అలిసినాక, గోడకు ఆనుకుని ఉన్న శివమ్మ నోరు విప్పింది.

"పోకుంటే రాలేదని రాసుకుంటరు. పగలగొడితే గూండాలని రాసుకుంటరు. పోదాం. పోయి సంతకం పెట్టొద్దు. మన భూమిని గుంజుకున్నరు, మన దారిని గుంజుకున్నరు. వాళ్లతోని గుంజుకోనీకి కానిది మన సంతకం ఒక్కటే. అది లేకుంటే వాళ్లకు పైసలు రావట. గింత విలువైన దాన్ని ఊకెనే ఇచ్చినం ఇన్నొద్దులు."

ఏడేండ్ల కిందట తాను కూర్చోబెట్టిన మనిషి ఊరంతటికీ దారి చూపిస్తోందని సంగప్పకు తోచింది.

పది రోజులు వాళ్లు ఊళ్లు తిరిగారు. రాయికోడ్ పోయారు, చిరాగ్‌పల్లి పోయారు. ఎక్కడ అడిగినా అదే కథ. ఒక బల్ల, ఒక పుస్తకం, ఒక పెన్ను. "మీకు చాయేనా? మాకు బిర్యానీ పొట్లం ఇచ్చిన్రు," అన్నాడు రాయికోడ్ రైతు ఒకడు. "మీ సంతకం రేటెక్కువ అన్నట్టు," అన్నాడు సచిన్.

సభ రోజు పదిగంటలకే ఫంక్షన్ హాలు ముందు రోడ్డు నిండింది. చెరుకు కొట్టే ఆడవాళ్లు, అల్లం రైతులు, కాలేజీ పిల్లలు. గేటు దగ్గర అదే బల్ల. గుమాస్తా పుస్తకం ముందుకు తోశాడు.

"సంతకం పెట్టి లోపలికి పోన్రి."

"బయటికొచ్చేటప్పుడు ఆలోచన చేస్తం సార్," అంది గిరిజమ్మ. ఇంటి గడప దాటి నలుగురిలో మాట్లాడటం ఆమెకు అదే మొదటిసారి.

"రూలుంది అమ్మా."

"ప్రజల అభిప్రాయానికి పిలిచి ప్రజలను ఆపే రూలు యాడుందో చూపియ్యున్రి," అంది శ్రుతి. గుమాస్తా వెతుకుతున్నట్టు పుస్తకం తిరగేశాడు. ఆలోపు జనం లోపలికి పోయారు. హాలు నిండింది. పుస్తకం తెల్లగానే ఉంది.

పదకొండు గంటలకు బసవరాజ్ టిప్పర్లు రెండు వచ్చి ఆగాయి. వాటిలోంచి అతని కూలీలు దిగారు, అరవై మందిదాకా. మేస్త్రీ వాళ్లను తెచ్చి బల్ల ముందు వరస కట్టించాడు. హాల్లోంచి కొందరు కోపంగా లేచారు. శివమ్మ వాళ్లను ఆపి, ఒక్కతే గేటు దగ్గరికి నడిచింది. సంగప్ప వెనకే వచ్చాడు.

వరసలో ముందున్నవాడు సదాశివ. చేతిలో పెన్ను ఉంది.

"అమ్మా, పెట్టకుంటే రేపట్నుంచి పని ఉండదు," అన్నాడు, ఆమె అడగకముందే.

"ఉండదు బిడ్డా. నీకు అబద్ధం చెప్ప. నా కొడుకు గూడ పని పోతదనే ఆ డివైడర్ దునికిండు. నువ్వు వానితోని చెరుకు కొట్టినోనివే గదా?"

సదాశివ మేస్త్రీ వైపు చూశాడు. పుస్తకం వైపు చూశాడు. పెన్నుకు మూత పెట్టి పుస్తకం మీద ఉంచాడు. చాయ్ డ్రమ్ము పక్కనుంచి పోతూ కప్పు ముట్టుకోకుండా హాల్లోకి నడిచాడు. అతని వెనక ఇంకొకడు. వాడి వెనక ఇంకొకడు. మేస్త్రీ తిడుతూనే ఉన్నాడు.

సభ మొదలైనాక సంగప్ప వేదిక ఎక్కి మైకు పట్టుకున్నాడు. లోపల శివుణ్ణి తలచుకున్నాడు.

"ముందు పుస్తకంలో పేరు రాయండి," అన్నాడు అధికారి.

"నా పేరు మీ పుస్తకంల ఏడేండ్ల కిందనే ఉన్నది సార్. మొదట్నే ఉన్నది. నేను ఒప్పుకున్ననని మీరు రాసుకున్నరు. నేను ఒప్పుకోలె. చాయ్ తాగిన, గంతే." హాల్లో నవ్వు లేచి ఆగింది. "ఆ దినం ఈ అక్క ఒక మాట అడిగింది. మీరు ఇనలె. నేను అడగనియ్యలె. కూసో అన్న. ఆ మాట నేను ఆమెకు బాకీ ఉన్న."

ముందు వరసలో ఉన్న బసవరాజ్, తలుపు దగ్గర నిలబడ్డ పోలీసుల వైపు తల ఊపాడు. ఇద్దరు వేదిక ఎక్కి సంగప్ప రెక్కలు పట్టుకున్నారు. వాళ్లు లాగుతుంటేనే అతను చెయ్యి చాచి మైకును కింద నిలబడ్డ శివమ్మకు అందించాడు.

"అడుగు అక్కా."

శివమ్మ మైకును నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"సార్, మా ఊరికాడ బస్సు యాడ ఆగుతది?"

అధికారి కాగితాలు సర్దుకున్నాడు. హాలు మొత్తం లేచి నిలబడింది. "యాడ ఆగుతది? చెప్పున్రి! యాడ ఆగుతది?" ఆడవాళ్లు అరిచారు, రైతులు అరిచారు, టిప్పర్ల మీద వచ్చిన కూలీలు వాళ్లకంటే గట్టిగా అరిచారు. పోలీసులు సంగప్పను వ్యానులోకి తోసి తలుపు వేస్తున్నా ఆ అరుపు వినిపిస్తూనే ఉంది.

అరగంట గడిచాక తలుపు తెరిచి శివమ్మను ఎక్కించారు. చీర నలిగింది, మోచేయి గీరుకుపోయింది. వచ్చి అతని పక్కనే కూర్చుంది.

"ఏమాయె అక్కా?"

"ఆ సారు రాసుకున్నడు. రాసేదాకా జనం వాన్ని కుర్చీల నుంచి లేవనియ్యలె. ఒకటో ప్రశ్న, బస్సు యాడ ఆగుతది, అడిగినామె శివమ్మ, హొన్నాపూర్. రాసినంక నీ బిడ్డ గట్టిగ సదివి ఇనిపిచ్చింది."

"సంతకం అడగలేదా?"

"అడిగిండు. జవాబు చెప్పినంక పెడుత అన్న."

సంగప్ప చొక్కా కింది లింగాన్ని చేత్తో తడుముకున్నాడు. అంతలో బయట గోల పెరిగింది. గిరిజమ్మ, శ్రుతి, సచిన్, సదాశివ, వాళ్ల వెనక ఇంకా చాలామంది, ఎవరూ తోయకుండానే వ్యానులోకి ఎక్కుతున్నారు.

"ఎంతమంది ఎక్కుతరే? జాగ లేదు!" అని కానిస్టేబుల్ మొత్తుకుంటున్నాడు.

శివమ్మ మోచేత్తో సంగప్పను పొడిచింది.

"బాకీ తీరింది తియ్. జర అటు జరుగు తమ్మీ, మనోళ్లు ఎక్కుతున్నరు."